ముందు వరుస మనది కాదు

అంజలై కూర్చోగా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. అన్నం నిలబడి తినేది. టీ గ్లాసు పట్టుకుని నడుస్తూ తాగేది. సినిమాకు తీసుకెళ్తే గోడకు చేరగిలబడి చూసేది, వెనకవాళ్లు తిట్టిపోసేవాళ్లు. రిహార్సల్ జరుగుతున్నంతసేపూ కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరిగేది. ఆ రబ్బరు చెప్పుల టపటపలు నా చెవుల్లో ఇల్లు కట్టుకున్నాయి. ఇప్పటికీ ఎవరైనా వెనకనుంచి అలా నడిచొస్తే, ఏ సీను మార్చమంటుందోనని నా గుండె గుభేలుమంటుంది.

నేను ప్రాంప్టర్‌ని. తెర పక్కన పీట వేసుకుని, ఆడేవాళ్లు మాట మరిచిపోతే అందించడం నా పని. చెప్పుకోవడానికి చిన్న పనే. కానీ అంజలై నాటకంలో నాలుగు భాషలుండేవి, పైగా పొద్దున రాసిన మాట సాయంత్రానికి ఉండేది కాదు. తెర లేచేముందు వచ్చి, "మెహ్రూ, చివరి సీను మార్చాను, చూసుకో" అని వెళ్లిపోయేది. చూసుకోవడానికి ఏముంటుంది? తల ప్రాణం తోకకొచ్చేది.

నా పేరు మెహ్రున్నిసా. మా నాన్న వైపు తమిళ ముసల్మానులు, అమ్మ వైపు మలాయ్‌లు. మలేషియాలో ఈ పెనాంగ్ దీవిలో మాలాంటి కలగలుపు కుటుంబాలు కొల్లలు, మమ్మల్ని ఎవరూ ఆగి చూడరు. అంజలైని మాత్రం ఆగి చూసేవాళ్లు. ముఖం చూస్తే నిఖార్సయిన చీనా ముఖం. చూపు కిందికి దింపితే మల్లెపూలు, నుదుట విభూతి, పైట బొడ్లో దోపిన కాటన్ చీర. నోరు విప్పితే ఆప్పాల బండి దగ్గర వినబడే తమిళం. ఆఫీసుల్లో గుమాస్తాలు పేరు పిలిచి, ఎదురుగా నిలబడ్డ మనిషిని వదిలేసి, వెనక ఇంకెవరో ఉన్నారేమోనని చూసేవాళ్లు.

అందులో వింతేమీ లేదు. చీనావాళ్ల పంచాంగంలో ఏడాదికో జంతువు. ఆ రోజుల్లో వాళ్లు పులి ఏడాదిలో పుట్టిన ఆడపిల్లను ఇంట్లో ఉంచుకోవడానికి భయపడేవాళ్లు. పులి ఇంటివాళ్లను తినేస్తుందట. తమిళుల ఇంటికో మలాయ్‌ల ఇంటికో ఇచ్చేస్తే, పరాయి దేవుళ్ల ఇంట్లో పులికి పళ్లు ఊడిపోతాయట. అంజలై పుట్టింది పులి ఏడాదిలోనే, అదీ ఏడో నెలలో, దయ్యాలు బయట తిరిగే నెలలో. రెండు గండాలు ఒక్క పిల్లకే. సంత మొగదల ఆప్పాలు పోసి అమ్మే మారియాయికి పిల్లల్లేరు. ఆమె పొత్తిగుడ్డల్లో ఉన్న అంజలైని తెచ్చుకుని పెంచింది. ముద్దుగానే పెంచింది, నేను పక్కింట్లోంచి చూస్తూ పెరిగినదాన్ని.

పదిహేనేళ్లకే అంజలై ఊరూరా తిరిగే మలాయ్ నాటకాల కంపెనీలో చేరింది. సీనుకూ సీనుకూ మధ్య పాట పాడి జనాన్ని కూర్చోబెట్టడం పని. వాళ్లకు ఆమె "చీనా పిల్ల". అక్కడ పొసగక చీనా నాటకాల వాళ్ల దగ్గరకు పోతే, "తమిళ పిల్లవి, నీకెందుకే ఇది?" అన్నారు. తమిళ నాటకాల వాళ్లు రమ్మన్నారు కానీ ఎప్పుడూ పరదేశపు రాణి వేషమే ఇచ్చేవాళ్లు, ఆ రాణి రెండో సీనులో చచ్చిపోయేది. ఒకచోట ఏడాది ఉంటే గొప్ప. తిరిగీ తిరిగీ ఇంటికొచ్చి, వీధిలో పచార్లు చేసేది.

ఊళ్లో జాతుల మధ్య గొడవలై కర్ఫ్యూ పెట్టిన ఏడాది ఆ పచార్లు కూడా బందయ్యాయి. మా వీధిలో దుకాణాల ముందు ఒకటే పొడుగాటి వసారా. ఒకరి గుమ్మం నుంచి ఒకరి గుమ్మానికి దాని మీదే నడిచిపోవచ్చు. రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు, వసారాలో నిలబడితే ఏమనరు. అందరం ఇళ్లలో ఉడికిపోతూ, ఒకరి ముఖం ఒకరం అనుమానంగా చూసుకుంటున్నాం. ఒక సాయంత్రం అంజలై వసారాలో నిలబడి, తనలో తనే పోట్లాడుకునే ఒక ఇంటి కథ మొదలుపెట్టింది. అత్త వేషం తను వేసి, గడియారాలు బాగుచేసే సవరిముత్తును కొడుకుగా లాగింది. చీనా టైలరు కోడలు. మలాయ్ పోస్ట్‌మ్యాన్ మామగారు. ఎవరికి వచ్చిన భాష వాళ్లు మాట్లాడారు. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది.

అలా మా నాటకశాల పుట్టింది. దానికి వసారా అనే పేరు. అంజలై పెట్టిన నియమం ఒక్కటే. "ఎవరి మాట వాళ్లదే. కానీ ముందువాడు ఏమన్నాడో చూసేవాళ్లందరికీ తెలిసేటట్టు వెనకవాడు జవాబివ్వాలి. ఒక్క మనిషికి అర్థంకాకుండా మాట కింద పడిందంటే అది ఆ వెనకవాడి తప్పు." టైలరు హొక్కియన్‌లో, చీనావాళ్ల మాటలో, "బియ్యం లేవు" అంటే సవరి తమిళంలో, "బియ్యం లేకపోతే నన్ను వండుకు తిను" అనాలి. అప్పుడు తమిళులకూ తెలుస్తుంది. మాట ఇలా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్లాలి, మధ్యలో జారకూడదు. రిహార్సల్‌లో మాట జారవిడిచినవాణ్ణి అంజలై హాలు చుట్టూ పరిగెత్తించేది. సవరి ఎన్నిసార్లు పరిగెత్తాడో వాడి బొజ్జ సాక్షి.

ఇంతమంది భాషలు పెట్టినావిడ తను మాత్రం రంగం మీద హొక్కియన్ ఒక్క ముక్క మాట్లాడేది కాదు. తమిళం, మలాయ్, కోపమొస్తే ఇంగ్లీషు. అడిగితే, "అర్థమవుతుంది, నోటికి రాదు" అనేది. పెనాంగ్ వీధుల్లో పెరిగిన వాళ్లకు హొక్కియన్ రాకపోవడమేంటి? ఊరకుక్కలకు కూడా వస్తుంది. నేను నమ్మలేదు, రెట్టించనూ లేదు.

పోయినేడు మారియాయి పోయింది. పోయేముందు ఒక మాట అనేసి పోయింది. "నిన్నిచ్చినామె బతికే ఉందే. ఉప్పుచేపల సందులోనే ఉంది. పేరు చెప్పనని ఒట్టేశాను, అడక్కు."

అడక్కు అంటే ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి అంజలైకి పిచ్చిపట్టినట్టే అయింది. ఉప్పుచేపల సందు మా హాలుకు రెండు వీధుల అవతలే. తెల్లారితే అక్కడే. ముసలావిడ కనబడితే చాలు, చెవులు తనలా ఉన్నాయా, నడక తనలా ఉందా అని చూసేది. కూరల సంచి వంకతో నన్నూ ఈడ్చుకుపోయేది. చేపలావిడ ముఖంలోకి తేరిపార చూస్తే ఆవిడ కత్తి చూపించింది. కొబ్బరి కోరేవాడి తల్లిని వయసడిగితే, "నాకు సంబంధం తెచ్చావా?" అంది.

ఆ సందులో మొలకలమ్మే అవ్వ ఒకామె ఉండేది. సరుకు పరిచిన చెక్కపలక ముందు చిన్న పీట మీద కూర్చుని పెసర మొలకల తోకలు గిల్లుతుండేది, తల ఎత్తేది కాదు. ఎవరొచ్చినా, "తిన్నావా?" అని పలకరించేది. అందులో విశేషం లేదు, చీనావాళ్ల పలకరింపే అది. జవాబు కూడా అందరిదీ ఒక్కటే, "తిన్నా." కడుపు కాలుతున్నా "తిన్నా" అనే అంటారు. లేదని ఎవరూ అనరు. అంటే అడిగినవాళ్లు వండి పెట్టాలిగా.

ఆ అవ్వ నన్ను అడిగేది. నా వెనకవాణ్ణి అడిగేది. అంజలైని ఒక్కనాడూ అడగలేదు. సంచి చేతికివ్వబోతే చేయి వెనక్కి తీసుకుని పలక మీద పెట్టమని గడ్డంతో చూపించేది. మొలకలు కూడా పలక మీదే పెట్టేది. చేతికి చేయి తగలనిచ్చేది కాదు. అందరికంటే గుప్పెడు ఎక్కువే వేసేది కానీ, తొందరగా వదిలించుకోవడానికే వేస్తుందనుకునేవాళ్లం.

"చూశావా మెహ్రూ, అందర్నీ అడుగుతుంది నన్ను తప్ప. చీనా పుటక పుట్టి పూలు పెట్టుకుంటానని అసహ్యం ముసలిదానికి."

"నీ ముఖం చూస్తే నాకే అన్నం సహించదు, ఆమెదేం తప్పు?" అనేదాన్ని నవ్వించాలని. నవ్వేది కాదు. ఆ సందులో అంజలై వెతకని ముసలావిడంటూ ఉంటే ఆవిడొక్కతే.

ఇలా ఉండగా ఏడో నెల దగ్గరపడింది. ఆ నెలలో చీనావాళ్లు ప్రతి సంతలోనూ పందిరి వేసి, దయ్యాల రాజు కాగితం బొమ్మ నిలబెట్టి, అన్నాలూ పళ్లూ పెట్టి, నాటకాలు ఆడిస్తారు. నాటకం దయ్యాలకు, మనం ఊరికే పక్కనుంచి చూస్తాం. ఉప్పుచేపల సందు కమిటీ పెద్ద చియా బూన్ టెయిక్ మా హాలుకొచ్చాడు. చందాలు తక్కువై చీనా నాటకాల వాళ్లు రామన్నారట.

"ఈసారి మీరు ఆడండమ్మా. మా దయ్యాల్లోనూ అన్ని రకాలవాళ్లున్నారులే, అర్థం చేసుకుంటారు" అన్నాడు. "ఒక్కటే షరతు. ముందు వరుస వాళ్లకోసం ఖాళీగా వదలాలి. మీవాళ్లకు ముందే చెప్పండి, ఎవరూ కూర్చోకూడదు."

"మాకు తెలీదా అంకుల్, ముందు వరుస మనది కాదు" అన్నాడు సవరి. "పిలవకుండా వచ్చేవాళ్లకు ఎర్రగుడ్డ కుర్చీలు. మా ఆవిడకు చాప."

ఉప్పుచేపల సందు పేరు వినగానే అంజలై నడక ఆగింది. చియా వెళ్లాక చెప్పింది, 'పులి ఏడాది పిల్ల' అని కొత్త నాటకం ఆడదామని. ఏ కథో వేరే చెప్పాలా? సవరి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"అక్కా, ఇది నాటకమా, చాటింపా?" అన్నాడు సవరి.

"చాటింపే. ఆవిడ గుమ్మం ముందుకెళ్లి ఆడతాను. వస్తే వస్తుంది." మళ్లీ నడక మొదలైంది. "రాకపోతే వసారా మూసేస్తాను. ఇదే ఆఖరాట."

నాకు ఒళ్లు మండింది. "నీ ఇష్టమేనా? టైలరు కొట్టు మానుకుని వచ్చాడు, సవరి గడియారాలు తుప్పుపట్టాయి, నా జన్మంతా ఆ పీట మీద అరిగిపోయింది. మూసేస్తాననడానికి ఇదేమన్నా ఆప్పాల బండా?"

అంజలై నా ముందుకొచ్చి ఆగింది. "నాలుగు భాషలు ఎందుకు పెట్టాననుకున్నావ్ మెహ్రూ? అందరూ కలిసుండాలనా? అలా పేపరువాళ్లకు చెప్పాను. జనంలో ఆవిడ ఎక్కడో నిలబడి ఉంటుందని. ఏ భాషదైనా ఒక్క ముక్క ఆవిడ చెవిన పడుతుందని. ఇన్నేళ్లూ ఆవిడకోసమే ఆడాను. బతికుండీ రెండు వీధుల అవతలుండీ ఒక్కసారి రాలేదంటే, ఇంకెవరికోసం ఆడను?"

ఆడుతున్నది మనందరికోసమని ఇన్నాళ్లూ నమ్మినదాన్ని. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆట రోజు పొద్దున కూడా అంజలై సందంతా ఒక చుట్టు తిరిగొచ్చింది. నేను మొలకలు కొని, ఉప్పుచేప ముక్కలు వేసి వేయించి, అన్నం, పప్పుచారుతో కలిపి టిఫిన్ క్యారియర్‌లో సర్దాను. ఆట అయ్యేదాకా అంజలై ముద్ద ముట్టదు, అయ్యాక వేదిక వెనక నిలబడి తింటుంది. క్యారియర్ ఎప్పటిలాగే నా పీట కింద పెట్టుకున్నాను.

పొద్దు వాలుతుండగా సందు నిండిపోయింది. అగరొత్తుల పొగ కళ్లు మండిస్తోంది. చీనావాళ్లు స్టూళ్లు తెచ్చుకున్నారు, తమిళులు చాపలు పరిచారు, మలాయ్‌లు దూరంగా సైకిళ్ల మీద ఒక కాలు ఆనించి నిలబడ్డారు. వేదిక ముందు ఎర్రగుడ్డ కప్పిన కుర్చీల వరుస ఖాళీగా ఉంది. ఒక్కో కుర్చీ ముందు ఒక కమలాపండు.

మొదటి సీనుకు ముందు అందరం వచ్చి ఆ ఖాళీ వరుసకు దణ్ణం పెట్టాలి. పెట్టాం. ఆ తర్వాత ఆటంతా అటు చూడకూడదు, అది పద్ధతి. అంజలైకి పద్ధతులంటే పడదు. ఆమె కళ్లు జనాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు జల్లెడ పడుతూనే ఉన్నాయి. రెండు మాటలు మింగేసింది, అందించాను. సవరికి నవ్వులు బాగానే పడుతున్నాయి. పిల్లను సంతలో ఇచ్చే సీనులో తల్లి వేసిన టైలరు హొక్కియన్‌లో ఏడుస్తుంటే స్టూళ్ల మీది ఆడవాళ్లు ముక్కులు చీదారు.

ఆ సీను మధ్యలోనే చియా తెర వెనక్కు పరిగెత్తుకొచ్చాడు. ముఖం కందిపోయి ఉంది.

"ముందు వరుసలో ఎవరో కూర్చున్నారు! మీ మనిషేనా?"

తెర సందులోంచి చూశాను. ఎర్రగుడ్డ కుర్చీల్లో, సరిగ్గా మధ్యలో, మొలకలవ్వ. కమలాపండు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. జనమంతా ఆమెనే చూస్తున్నారు, ఒక్కరూ దగ్గరకు వెళ్లడంలేదు.

"నేను ముట్టుకోను తల్లీ, ఆ కుర్చీలు నేను ముట్టుకోను" అన్నాడు చియా. "ముసల్దానికి మతి పోయినట్టుంది. నీకు మా దయ్యాలతో పేచీ లేదుగా, నువ్వెళ్లి లేపు."

నాకు మాత్రం ఏం సరదా? కానీ ఆట పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. ప్రాంప్ట్ కాగితాలు చంకన పెట్టుకుని, మెట్లు దిగి, వంగి వంగి వెళ్లి ఆమె పక్కన గొంతుకూర్చున్నాను.

"అవ్వా, ఇక్కడ కూర్చోకూడదు. లే. వెనక స్టూలు ఇప్పిస్తా."

"తిన్నావా?" అంది అలవాటుగా.

"తిన్నా తిన్నా. లే అవ్వా, జనం చూస్తున్నారు. ఇది చచ్చినవాళ్ల వరుస, నీకు తెలీనిదా?"

"తెలిసే కూర్చున్నా." కళ్లు వేదిక మీదనుంచి తిప్పలేదు. అక్కడ అంజలై మారియాయి వేషంలో పిల్లను ఎత్తుకుని జోకొడుతోంది. "దానికి నేను చచ్చినదాన్ని. అగరొత్తి ముట్టించి ఒట్టేశాను. నా మొగుడు పోయిన వారానికే అది పుట్టింది. మళ్లీ తల్లినని దాని ముఖం చూస్తే ఇద్దర్లో ఒకరం మిగలమన్నాడు గుళ్లో ఆయన. చచ్చినవాళ్లకు ఈ నెల సెలవుంటుంది గదా. ఆట చూట్టానికొచ్చా. చూసి పోతా."

అన్నేళ్లుగా తల ఎత్తకుండా తోకలు గిల్లిన మనిషి. చేయి వెనక్కు తీసుకున్న మనిషి. ఆ గుప్పెడు ఎక్కువ మొలకలు.

"మరి ఒక్కసారైనా... తిన్నావా అని కూడా అడగలేదే అవ్వా దాన్ని. ఎంత ఏడ్చిందో తెలుసా?"

"అది తల్లి అడిగే మాట. ఇంకెవర్ని అడిగినా ఉత్త పలకరింపే, దాన్ని అడిగితే కాదు." కమలాపండును అటూ ఇటూ తిప్పింది. "నువ్వెళ్లు. దానికి చెప్పావో, లేచి పోతా."

వెనక్కు వచ్చి పీట మీద కూలబడ్డాను. చియా ఏమైందంటే, "కూర్చోనీ అంకుల్. ఆమె... ఆ వరుసదే" అన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. ఆ సందులోనే పుట్టి పెరిగిన మనిషి, అతనికి ఏం తట్టిందో, జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకుని మారుమాట్లాడకుండా వెళ్లిపోయాడు.

సీను మారింది. అంజలై లోపలికొచ్చి చీర మార్చుకుంటోంది. నేనందిస్తున్న పిన్నులు జారిపడుతున్నాయి. చెప్తే అవ్వ వెళ్లిపోతుంది. చెప్పకపోతే రేపటికి వసారా ఉండదు, అంజలై కూడా మాకు మిగలదు.

"ముందు వరుసలో ఎవరది?" అంది అంజలై.

"ఎవరో ముసలావిడ."

"మొలకలావిడ."

"ఆఁ. మతి తప్పినట్టుంది."

పిన్ను పెట్టుకోబోతున్న చేయి ఆగిపోయింది. అంతసేపు కదలకుండా నిలబడ్డ అంజలైని చూడటం నాకు అదే మొదలు. భయం వేసింది.

"పొద్దున కూడా లెక్క తప్పకుండా మొలకలమ్మిన మనిషికి సాయంత్రానికి మతెట్లా తప్పుతుంది మెహ్రూ?" అంది మెల్లగా. "చీనా పుటక పుట్టినవాళ్లెవరూ ఆ కుర్చీలో ఊరికే కూర్చోరు."

నేను పెదవి కొరుక్కున్నాను. నా ముఖంలో ఏం చదివిందో చదివింది. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వేదిక ఎక్కింది.

అది చివరి సీను. పెరిగి పెద్దదైన పులి ఏడాది పిల్ల సంత మధ్య నిలబడి, "నన్నిచ్చినవాళ్లెవరు?" అని తమిళంలో అడగాలి. టైలరు, పోస్ట్‌మ్యాన్, సవరి, ఎవరి భాషలో వాళ్లు, "నేను కాదు, నేను కాదు" అనాలి. పిల్ల నడిచి వెళ్లిపోవాలి, తెర పడాలి. అలా రాసుకున్నాం. మధ్యాహ్నం అంజలై మూడోసారి మార్చి ఇచ్చింది కూడా అదే.

అంజలై మధ్యకొచ్చింది. పెదవి కదపలేదు. మరిచిపోయిందనుకుని, "నన్నిచ్చినవాళ్లెవరు" అని అందించాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా అందించాను. చాపల మీద గుసగుసలు మొదలయ్యాయి. అంజలై వేదిక అంచుదాకా వచ్చి, చూడకూడని ముందు వరుసను సూటిగా చూసింది.

"తిన్నావా?" అంది. హొక్కియన్‌లో. మాటలు కూడబలుక్కునే పసిపిల్ల గొంతులా వచ్చింది ఆ మాట. "అమ్మా, తిన్నావా?"

స్టూళ్ల మీది ఆడవాళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అవ్వ తల దించుకుంది. ఒళ్లోని పండును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు ఆమె లేచి వెళ్లిపోవచ్చు. "తిన్నా" అని పదిమందిలా అనేసి ఊరుకోవచ్చు, అది ఉత్త పలకరింపుగా పోతుంది. యా అల్లా, తిన్నా అనకు అని నేను పీట కింద క్యారియర్ పిడి పట్టుకుని కూర్చున్నాను.

అవ్వ తలెత్తింది. ఆమె అంజలై కళ్లలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"లేదు" అంది. "ఇంకా తినలేదు."

అంజలై రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వెక్కిళ్లు వెనక ఉన్న నాకు వినబడుతున్నాయి. చాపల మీది తమిళులు, సైకిళ్ల మీది మలాయ్‌లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఏం జరిగిందో సగంమందికి తెలియలేదు. ఇప్పుడు సవరి అందుకోవాలి. ఆ నియమం వాడికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ వాడు నోరు తెరుచుకుని, కళ్లనీళ్లు కారుస్తూ నిలబడ్డాడు. మాట కింద పడిపోతోంది.

నేను లేచాను. ఇన్నేళ్లలో ఆట మధ్యలో నేను వేదికెక్కింది లేదు, నాకా ముచ్చటా లేదు. కాలు పీటకు తగిలి పీట పల్టీ కొట్టింది. క్యారియర్ పట్టుకుని వేదిక మీదకు వెళ్లి, ముందు మలాయ్‌లో, తర్వాత తమిళంలో, "అమ్మ తినలేదంట. కూతురు పెడుతోంది. కాసేపు ఆగండి" అన్నాను. నా గొంతు కర్ణకఠోరంగా ఉంటుందని నాకు తెలుసు. ఆ రోజు సందు చివరిదాకా వినబడిందట.

అంజలై నా చేతిలోంచి క్యారియర్ లాక్కుని మెట్లు దిగింది. ముందు వరుస ఎదురుగా నిలబడింది. గిన్నెలు విప్పి అన్నం గిన్నె చాచింది. అవ్వ చేయి ఎప్పటిలాగే వెనక్కు పోయింది. ఆగింది. మళ్లీ ముందుకొచ్చి, గిన్నెను, గిన్నెతోపాటు అంజలై వేళ్లను కలిపి పట్టుకుంది.

చియా గబగబా వస్తుంటే నా ప్రాణం పోయింది. అతను కుర్చీల దాకా రాలేదు. జనం వైపు తిరిగి, "ముందు వరుసవాళ్లు భోంచేస్తున్నారు. ఎవరూ అల్లరి చెయ్యకండి" అని అరిచాడు. దయ్యాలు తినేటప్పుడు చెప్పే మాటే అది.

అవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. మొలకలు వేలితో కదిపి చూసింది. "ఎవరు వండారే ఇది? ఇంతసేపు వేయిస్తారా? పీచయిపోయింది" అంది. అంజలై ఏడుస్తూనే నావైపు చూపించింది. ఇంకెప్పుడైనా అయితే ఆ ముసలిదానితో ఒంటికాలి మీద పోట్లాడేదాన్ని. నాకూ కళ్లు కనబడటంలేదు.

అప్పుడు అవ్వ పక్క కుర్చీ మీది ఎర్రగుడ్డను చొక్కా చేతితో తుడిచి, గడ్డంతో చూపించింది. అంజలై కూర్చుంది. చెప్పులు విడిచి, కాళ్లు పైకి మడుచుకుని, తల్లి గిన్నెలోంచే ఒక ముద్ద తీసుకుంది.

సందంతా ఎదురుచూస్తోంది. సవరి పక్కకు జరిగి నా చెవిలో గొణిగాడు. "అక్కా, తర్వాతి మాటేంటి? నా వంతా? అంజలై అక్కను పిలవనా?"

చంకలో కాగితాలు చూశాను. ఆ తర్వాత ఏమీ రాసి లేదు.

"కూర్చోనీరా" అన్నాను.